కర్రపెండలం పుట్టింట్లో పదకొండు నెలలు

అందరికీ నమస్కారం.

పెద్దాపురం వచ్చి మాట్లాడమని అడిగినప్పుడు నాకు చాలా సంతోషం వేసింది. నేను చెప్పబోయేదానిలో సగం మీ పొలాల్లోనే ఉంది. ఇక్కడున్నవాళ్లలో కర్రపెండలం వేసేవాళ్లు ఎంతమంది? ఒకసారి చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. మా నాన్నగారు కూడా ఈ మెట్టలోనే పెండలం వేసేవారు. దుంప పీకడం, బండికెత్తడం, సగ్గుబియ్యం మిల్లుకు తోలడం. చిన్నప్పుడు నాకు తెలిసిన పెండలం అంతే. ఎప్పుడైనా అమ్మ నాలుగు దుంపలు ఉడకబెట్టి ఉప్పు జల్లి పెడితే సాయంత్రం పూట తినేవాళ్లం. దాన్ని భోజనం అని మాత్రం ఎవరూ అనుకోలేదు.

ఆ మొక్క పుట్టింది దక్షిణ అమెరికాలో, అమెజాన్ అడవి దక్షిణపు అంచున. ఎనిమిది వేల ఏళ్లకు పైగా అక్కడి మనుషులు దాన్ని సాగు చేస్తున్నారు. పోర్చుగీసువాళ్ల ద్వారా కేరళ తీరానికి వచ్చింది. 1880ల్లో తిరువాన్కూరు రాజు విశాఖం తిరునాళ్ దాని సాగును బాగా ప్రోత్సహించారు. మన మెట్టకు చేరింది ఆ తర్వాతే. నేను దుంప పంటల మీద పని చేస్తాను. ఆ పని మీదే పెరూ దేశంలో లొరేతో అనే అడవి ప్రాంతానికి వెళ్లి పదకొండు నెలలు ఉన్నాను. వెళ్లింది పొలాలు చూడటానికి. కానీ ఎక్కువ నేర్చుకున్నది పొయ్యి దగ్గర కూర్చుని. మొక్క మన దాకా వచ్చింది గానీ దాన్ని తినే విద్య మన దాకా రాలేదు అని అక్కడే నాకు అర్థమైంది. ఆ విద్య గురించి, అది చేతుల్లో ఉన్న ఆడవాళ్ల గురించి ఈ సాయంత్రం చెప్పాలని వచ్చాను.

ముందు ఆ ప్రాంతం ఎలా ఉంటుందో చెప్తాను. లొరేతో విస్తీర్ణం 3,68,000 చదరపు కిలోమీటర్లకు పైనే. మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపినా దానికంటే చిన్నవే. జనాభా మాత్రం సుమారు పది లక్షలే. రాజధాని ఇకిటోస్. అంత పెద్ద పట్నానికి బయటి నుంచి రోడ్డు లేదు. విమానంలో వెళ్లాలి, లేకపోతే నదిలో వెళ్లాలి. ఊళ్లో ఉన్న ఒకే పొడవాటి రోడ్డు నౌతా అనే చిన్న ఊరి దాకా, సుమారు వంద కిలోమీటర్లు వెళ్లి ఆగిపోతుంది. ఆ నౌతా దగ్గరే మరాన్యోన్, ఉకయాలి అనే రెండు నదులు కలుస్తాయి. కలిసిన చోటి నుంచి దాని పేరు అమెజాన్. నేను ఎక్కువ రోజులు ఉన్నది మరాన్యోన్ ఒడ్డున కుకామ జాతివాళ్లు ఉండే ఒక చిన్న ఊళ్లో. ఊరంతా కలిపి నలభై ఇళ్లు ఉంటాయేమో.

అమెజాన్ అనగానే మనకు అనకొండ, పిరానా గుర్తొస్తాయి. సినిమాల పుణ్యం. పిరానా అక్కడ పులుసులో వేసుకునే చేప. దాన్ని పాన్యా అంటారు. ముళ్లెక్కువ, రుచి బాగుంటుంది.

ఇళ్లు గుంజల మీద ఉంటాయి. నేల నుంచి మనిషెత్తు పైన తాటిజాతి చెట్టు మాను చీల్చి పరిచిన అంతస్తు, పైన తాటాకు లాంటి ఆకు కప్పు. వంట పొయ్యిని తుష్‌పా అంటారు. మూడు పొడవాటి దుంగలు, మూడు వైపుల నుంచి వచ్చి మధ్యలో కొసలు కలుస్తాయి. నిప్పు ఆ కొసల దగ్గర ఉంటుంది. కాలేకొద్దీ దుంగను కాస్త లోపలికి తోస్తారు. మంట తగ్గాలంటే వెనక్కి లాగుతారు. రాత్రి దుంగలు విడదీసి బూడిద కప్పితే తెల్లవారి ఊదగానే రాజుకుంటుంది. ఆ పొగ పైకప్పు ఆకుకు పురుగు పట్టకుండా కాపాడుతుంది. పొయ్యి పైన వేలాడదీసిన చేపను కూడా అదే పొగ నిలవ ఉంచుతుంది.

నేనున్న ఇంటి పెద్దావిడకు అరవై దాటాయి. నన్ను "ఇహితా" అనేది, అంటే చిట్టితల్లీ అని. నేను మన అలవాటు కొద్దీ ఆమెను మనసులో పెద్దమ్మ అనే పిలుచుకునేదాన్ని, ఇప్పుడూ అలాగే చెప్తాను. పెద్దమ్మ నాలుగున్నరకే లేచేది. ముందు చాపో కాచేది. బాగా ముగ్గిన పెద్ద అరటిపళ్లు నీళ్లలో ఉడికించి, మెదిపి, పల్చగా జావలా చేసింది చాపో. పంచదార అక్కర్లేనంత తియ్యగా ఉంటుంది. పిల్లలు అది తాగి పడవలో బడికి వెళ్లేవాళ్లు. మగవాళ్లు చీకటుండగానే వల చూసుకోవడానికి నదికి. పొద్దెక్కకముందే పెద్దమ్మ, కోడలు, వాళ్లతో నేను చాక్రాకు.

చాక్రా అంటే వాళ్ల తోట. మన మన్యంలో పోడు తెలిసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. అడవిలో చిన్న చెక్క నరికి, ఎండబెట్టి, కాల్చి, ఆ బూడిదలో మొక్కలు పెడతారు. రెండు మూడేళ్లు పండాక ఆ చెక్కను వదిలేస్తారు. వదిలేసినదాన్ని పుర్మా అంటారు. వదిలేసినా పూర్తిగా పోయినట్టు కాదు. పళ్ల చెట్లు అందులోనే పెరుగుతూ ఉంటాయి, ఏళ్ల తరబడి వెళ్లి కోసుకుంటారు. మొదటిసారి చాక్రా చూసినప్పుడు నాకు అది తోటలాగే అనిపించలేదు. వరస లేదు, మడి లేదు. పెండలం పక్కన అరటి, దాని కింద అనాస, మధ్యలో మిరప, మొక్కజొన్న. మూడు నాలుగు వారాలు వాళ్లతో తిరిగాక గానీ ఏది ఎందుకు అక్కడుందో తెలియలేదు.

పెండలాన్ని వాళ్లు యూకా అంటారు. నా వృత్తి దుంపలే కాబట్టి రకాలు గుర్తుపట్టగలను అనుకున్నాను. పెద్దమ్మ ఆకు కాడ రంగు చూసి, కణుపు చూసి, ఇది ఉడకబెట్టుకోవడానికి, ఇది పిండికి, ఇది మసాతో అనే పులిసిన పానీయానికి అని చెప్పుకుంటూ పోయేది. ఉత్తర పెరూలో అవహూన్ అనే జాతి ఉంది. వాళ్ల ఆడవాళ్లు వందకు పైగా యూకా రకాలకు పేర్లు చెప్తారని పరిశోధకులు నమోదు చేశారు. ఆ జాతికి నేలతల్లి ఉంది, పేరు నుంకుయి. పెండలం ఇచ్చింది ఆవిడే. తోటలో పని చేసేటప్పుడు ఆవిడకు, మొక్కలకు వినపడేలా పాటలు పాడతారు. ఆ పాటలు తల్లి నుంచి కూతురికి వస్తాయి. కొత్త కోడలు ఇంటికొచ్చేటప్పుడు పుట్టింటి పెండలం కర్రలు తెచ్చుకోవడం అక్కడ చాలాచోట్ల ఉంది. అందుకే ఒక్కో తోటలో అన్ని రకాలు.

ఇంకో సంగతి రైతులకు బాగా తెలుసు. దుంప నేలలో ఉన్నంతకాలం చెడదు, పీకితే రెండు మూడు రోజుల్లో నల్లబడుతుంది. మనం మిల్లు తేదీ చూసి పొలమంతా ఒకేసారి పీకుతాం. వాళ్లు ఆ పూటకు కావలసింది పీకి, పీకిన చోటే కర్ర ముక్క గుచ్చి వస్తారు. వాళ్లకు గాదె ఆ నేలే.

ఇప్పుడు విషం గురించి చెప్పాలి. పెండలంలో తీపి రకాలు, చేదు రకాలు ఉన్నాయి. దుంప కణాల్లో ఒక పదార్థం ఉంటుంది, దుంపను కోసినా తురిమినా అది విడిపోయి సయనైడ్ పుడుతుంది. తీపి రకంలో అది తక్కువ, తొక్క తీసి బాగా ఉడికిస్తే చాలు. చేదు రకంలో ఎక్కువ, ప్రాణం తీయగలిగినంత. మరి విషం ఉన్న రకాన్ని ఎందుకు పెంచాలి? పురుగు, ఎలుక, పంది జోలికి రావు కాబట్టి, పిండి ఎక్కువ దిగుతుంది కాబట్టి. నేనున్న ఊళ్లో తీపి రకమే ఎక్కువ. చేదుదాన్ని వండటం చూసింది అమెజాన్‌కు ఇంకా దిగువన, పెబాస్ వైపు ఉండే బోరా జాతివాళ్ల ఇంట్లో. బోరా, ఉయితోతో జాతులు అసలు పుతుమాయో నది వైపువాళ్లు. 20వ శతాబ్దం మొదట్లో రబ్బరు వ్యాపారుల హింసలో వాళ్లలో వేలమంది చనిపోయారు. మిగిలినవాళ్లలో కొందరు ఇటు వచ్చి పడ్డారు. ఊరు పోయింది, మనుషులు పోయారు, వంట మాత్రం వెంట తెచ్చుకున్నారు.

ఆ వంట ఇలా ఉంటుంది. దుంప తొక్క తీసి నానబెడతారు. తర్వాత తురుముతారు. ఆ తురుమును నారతో అల్లిన పొడవాటి గొట్టంలోకి కూరుతారు. జడ అల్లికలా ఉంటుంది అది. అమెజాన్‌లో చాలాచోట్ల దాని పేరు తిపితి. లావుగా ఉన్న గొట్టాన్ని పై నుంచి వేలాడదీసి కింద బరువు కడితే, సాగి సన్నబడుతూ లోపలి తురుమును పిండేస్తుంది. చేదు రసం కిందికి కారిపోతుంది. మిగిలిన పొడి పిండిని వెడల్పాటి పెనం మీద పరిచి కాలిస్తే కసాబే అనే రొట్టె. అదే పిండిని గరిటెతో తిప్పుతూ వేయిస్తే ఫరీన్యా, రవ్వలాంటిది, నెలల తరబడి నిలవ ఉంటుంది. పడవ ప్రయాణాల్లో గుప్పెడు ఫరీన్యా నీళ్లలో వేసుకుంటే అదే భోజనం. ఇక ఆ కారిపోయిన రసం ఉంది చూడండి, విషం చాలావరకు అందులోనే ఉంది. దాన్ని కూడా పారబోయరు! గంటల తరబడి కాస్తారు. సయనైడ్ వాయువు 26 డిగ్రీల దగ్గరే ఆవిరవుతుంది, కాగే రసంలో నిలవదు. చిక్కబడేదాకా కాచి మిరపకాయలు వేస్తే నల్లటి పులుసు ముద్ద తయారవుతుంది, తుకుపి అంటారు. మన చింతపండు పచ్చడి చిక్కదనం, వేరే ఏదో మాంసం రుచిలాంటిది. కసాబే ముక్కకు కాస్త రాసుకుని తింటే చాలు.

నానబెట్టడం, తురమడం, పిండటం, కాల్చడం, మరిగించడం. ఇందులో అడుగు తప్పితే ప్రాణం మీదకు రావచ్చు. ఏ ప్రయోగశాలా లేకుండా వేల ఏళ్ల కిందట ఎవరో ఆడవాళ్లు దీన్ని కనిపెట్టి, తప్పు లేకుండా కూతుళ్లకు నేర్పారు. అక్కడి వాళ్లను "అడవి మనుషులు" అని తేలిగ్గా అనేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

(సభలో ఒక రైతు: "మన దగ్గర చేదు రకం ఉందామ్మా?")

మంచి ప్రశ్న అడిగారు. మిల్లుకు వేసే రకాల్లో కొన్ని తినే రకాల కంటే చేదుగా ఉంటాయండి. ఇంట్లో తినేటప్పుడు తొక్క పూర్తిగా తీసి, ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో మూత లేకుండా ఉడికించి, ఆ నీళ్లు పారబోయాలి. నోట్లో పెట్టుకున్నప్పుడు చేదు తగిలితే వదిలేయండి.

మసాతో సంగతికి వస్తాను. నేను అక్కడ చేసిన ఒక తప్పు చెప్పుకోవాలి. ఊళ్లో అడుగుపెట్టిన మొదటి రోజున పెద్దమ్మ ఒక సొరకాయ బుర్రలో తెల్లటి పానీయం ఇచ్చింది. అది ఎలా చేస్తారో నేను ముందే చదివి ఉన్నాను. పెండలం ఉడికించి మెత్తగా దంచి, ఆడవాళ్లు కొంత నోట్లో వేసుకుని నమిలి, మళ్లీ ఆ కుండలోకే వదిలి, పులియబెడతారు. కడుపు బాగోలేదని చెప్పి బుర్ర తిరిగి ఇచ్చేశాను. పెద్దమ్మ ఏమీ అనలేదు. ఆ రోజంతా ఆ ఇంట్లో ఎవరూ నాతో పెద్దగా మాట్లాడలేదు. తర్వాత తెలిసింది, అక్కడ మసాతో వద్దనడం అంటే మన గుమ్మంలోకి వచ్చినవాళ్లు మంచినీళ్లు కూడా ముట్టకుండా లేచిపోవడం లాంటిది. నాలుగో రోజున నేనే అడిగి తాగాను. పుల్లగా, చిక్కటి మజ్జిగలా ఉంది. తరవాణి అలవాటున్న ఇళ్లలో పుట్టినవాళ్లకు ఆ వాసన కొత్తేమీ కాదు.

నమలడం ఎందుకంటే, అన్నం ముద్ద చాలాసేపు నమిలితే తియ్యబడుతుంది కదా. మన ఉమ్మిలోని ఎంజైమ్ పిండిని చక్కెరగా మారుస్తుంది. ఆ చక్కెర ఉంటేనే ఈస్టు పని చేసి పులుస్తుంది. ఇప్పుడు చాలా ఇళ్లలో నమలకుండా చిలగడదుంప తురుమో పంచదారో కలుపుతున్నారు. ఒకరోజు పులిస్తే పిల్లలు కూడా తాగుతారు, ఎక్కువ రోజులు ఉంచితే మత్తెక్కుతుంది. ఎవరైనా కొత్త చాక్రా నరకాలన్నా, ఇంటికప్పు వేయాలన్నా ఊరంతా వచ్చి సాయపడతారు. మన దగ్గర బదులుకు వెళ్లడం లాంటిది, వాళ్లు మింగా అంటారు. కూలి ఉండదు. కానీ ఇంటావిడ కుండల కొద్దీ మసాతో కాచి ఉంచాలి. మసాతో లేని ఇంటికి మింగాకు ఎవరూ రారు.

ఇక నది. అక్కడ క్యాలెండర్ నదే. ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు నిండుగా ఉంటాయి, ఆగస్టు తర్వాత బాగా తీస్తాయి. రెంటికీ తేడా పది మీటర్ల దాకా, అంటే మూడంతస్తుల మేడంత. ఇకిటోస్‌లో బెలెన్ అనే పేటలో దుంగల మీద తేలే ఇళ్లు నీళ్లతోపాటు లేస్తాయి. నీళ్లు తీసినప్పుడు ఒడ్డున బురద మేటలు బయటపడతాయి. అందులో వరి, వేరుశనగ, చిక్కుడు, పుచ్చ వేస్తారు. గోదావరి లంకల్లో సాగు చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఆ నేల మీద పంట చేతికి రాకముందే ఒక్కోసారి నది లేచిపోతుంది.

నీళ్లు నిండితే చేపలు ఎక్కువ దొరుకుతాయని నేను అనుకున్నాను. సరిగ్గా తలకిందులు. నీళ్లు అడవిలోకి వెళ్లిపోతే చేపలు కూడా చెట్ల మధ్యకు చెదిరిపోతాయి, వలకు చిక్కవు. అప్పుడే కష్టకాలం. ఆ రోజుల్లో ఇంగిరి, అంటే ఉడికించిన పచ్చి అరటికాయ, దాంతో ఎండుచేప ముక్క, అంతే. నీళ్లు తీసేటప్పుడు చేపలు గుంపులుగా కదులుతాయి. దాన్ని మిహానో అంటారు. ఊరంతా పండగ. చేపను బిహావో అనే వెడల్పాటి ఆకులో చుట్టి నిప్పుల మీద పెడితే పతరాష్కా. అడ్డాకు వాసన తెలిసిన ముక్కుకు ఆ ఆకు వాసన కూడా వెంటనే నచ్చుతుంది.

ఒకరోజు వలలో పడిన చేపను చూసి నేను ఆశ్చర్యపోయాను. మన ఆక్వా చెరువుల్లో పెంచే రూప్‌చంద్! అక్కడ దాన్ని పాకో అంటారు. పుట్టిల్లు ఆ నదే. మనం దానికి మేత వేసి పెంచుతాం. అక్కడ వరద నీళ్లతోపాటు అడవిలోకి వెళ్లి, చెట్ల కింద కాచుకుని, రాలిన పళ్లు తింటుంది. దాని పళ్లు మనిషి దంతాల్లా ఉంటాయి, గింజలు కొరకడానికి. కొరకకుండా మింగిన గింజలు ఎక్కడో దూరంగా పడి మొలుస్తాయి. అడవి చేపను పోషిస్తుంది, చేప అడవిని నాటుతుంది.

పట్నం తిండి కొంచెం చెప్తాను. ఇకిటోస్ వీధుల్లో అగ్వాహే పళ్ల తట్టలతో ఆడవాళ్లు కూర్చుంటారు. తాటి జాతి చెట్టు, కాయ మీద ఎర్రటి పొలుసులు, లోపల పసుపు గుజ్జు, విటమిన్ ఎ నిండుగా. గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి అమ్ముతారు, పంటితో పొలుసు గీకి తింటారు. మన తాడిలాగే ఆడచెట్టు, మగచెట్టు వేరు. ఎత్తు ఎక్కలేక చాలాచోట్ల ఆడచెట్లనే నరికి పళ్లు కోశారు, అక్కడ మగచెట్లే మిగిలాయి. ఇప్పుడు కొన్ని ఊళ్లలో నరక్కుండా ఎక్కి కోయడం అలవాటు చేస్తున్నారు. పడిన మానుల్లో సూరి అనే పురుగు పెరుగుతుంది. కొబ్బరి రైతులకు ఎర్రముక్కు పురుగు తెలుసు కదా, దానికి దగ్గరి చుట్టం. ఆ లద్దె పురుగును పుల్లకు గుచ్చి కాలుస్తారు. నేనూ తిన్నాను. వేయించిన కొబ్బరిలా ఉంది, పిల్లలకు బలమైన తిండి.

జూన్ 24న సెయింట్ జాన్ పండగ. ఆ రోజు ప్రతి ఇంట్లో హువానే ఉంటుంది. అన్నంలో కోడిమాంసం, గుడ్డు కలిపి, బిహావో ఆకులో గుండ్రంగా మూటకట్టి ఉడికిస్తారు. మూట విప్పగానే పసుపుపచ్చటి అన్నం, ఎరిగిన వాసన. ఏం వేశారని అడిగితే గిసాదోర్ అన్నారు. వంటింట్లోకి వెళ్లి చూస్తే పసుపు కొమ్ములు! మన వైపు నుంచి పసుపు అటు వెళ్లింది. వాళ్ల వైపు నుంచి మిరప, వేరుశనగ, అనాస, పెండలం ఇటు వచ్చాయి. ఆ రోజు ఆ ఆకు ముందు కూర్చుని నేను చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను.

బాధ కలిగించేవి కూడా ఉన్నాయి. ఇప్పుడు లాంచీల్లో బియ్యం, నూడుల్స్, డబ్బా చేపలు, కూల్‌డ్రింకులు ఊళ్లకు వస్తున్నాయి. అంత తిండి వైవిధ్యం ఉన్న చోట పిల్లల్లో రక్తహీనత ఎక్కువ. మలేరియా ఉంది. అన్నిటికంటే పెద్ద దెబ్బ చమురు. 2014లో మరాన్యోన్ పరీవాహకంలో కునినికో దగ్గర పైపులైను పగిలి చమురు కారింది. అలాంటి లీకులు ఇంకా చాలా జరిగాయి. చేప తప్ప వేరే కూర లేని ఇంట్లో చేపను చూసి భయపడాల్సి వస్తే ఏం తింటారు చెప్పండి. కుకామలు నది అడుగున కూడా ఊళ్లున్నాయని, మునిగిపోయిన తమవాళ్లు అక్కడ బతుకుతున్నారని నమ్ముతారు. వాళ్లకు నది అంటే చుట్టాలిల్లు. కుకామ మహిళల సంఘం కోర్టుకెళ్లి కొట్లాడింది. 2024 మార్చిలో నౌతా కోర్టు మరాన్యోన్ నదికి హక్కులున్నాయని తీర్పు చెప్పింది. కాలుష్యం లేకుండా పారే హక్కు కూడా అందులో ఉంది. ఆ సంఘం నాయకురాలు మారి లూస్ కనకిరికి 2025లో గోల్డ్‌మన్ పర్యావరణ బహుమతి వచ్చింది.

తిరిగి వచ్చే ముందు రోజు పెద్దమ్మ అడిగింది, "మీ ఊళ్లో యూకాతో ఏం చేస్తారు?" అని. మిల్లుకు వేస్తాం, తెల్లటి పూసలు చేస్తారు, పండగలకు పాయసం వండుకుంటాం అన్నాను. "మరి మిగతా రోజుల్లో?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, దుంప ఎన్నుకోవడం దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టి అన్నీ చేసి చూపించింది.

అందుకే ఇవాళ వెనక బల్ల మీద రెండు గిన్నెలు పెట్టించాను. ఒకదాంట్లో ఉడికించిన పెండలం, మీ ఊరి దుంపే, తినే రకం. తొక్క తీసి, మధ్యలో ఈనె తీసి, నీళ్లు పారబోసి తెచ్చాం. రెండోదాంట్లో ఉల్లిపాయ, మిరపకాయ, నిమ్మరసం, ఉప్పు కలిపిన తొక్కు, పెద్దమ్మ ఇంట్లో చేసినట్టే. చల్లారితే దుంప గట్టిపడుతుంది. ప్రశ్నలు తింటూ మాట్లాడుకుందాం, రండి.